ఏం పని మీద పోయినావు?

గత ఏడాది ఆగస్టులో నేను మనాలీ నుంచి లేహ్ దాకా ఒంటరిగా సైకిలు మీద వెళ్లివచ్చాను. తిరిగొచ్చిన తర్వాత గోరంట్లలో పొదుపు సంఘం సమావేశానికి పోతే, ఫోటోలు చూపించమని ఆడవాళ్లు చుట్టూ చేరారు. మంచుకొండలు చూశారు, గుడారాలు చూశారు, మట్టికొట్టుకుపోయిన నా మొహం చూసి నవ్వారు. అందరికంటే పెద్దావిడ ఒకరు అంతా చూసి అడిగింది.

"అంత దూరము ఒక్కదానివే పోయినావు, సరే. ఏం పని మీద పోయినావు పాపా?"

"పనేం లేదు పెద్దమ్మా. ఊరికే పోయినా."

"ఊరికేనా!" అని ఆమె అంటే అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వులో వెటకారం లేదు. ఊరికే పోవడమనేది ఆడమనిషి చెయ్యగలిగిన పనుల జాబితాలో లేదు కాబట్టి వచ్చిన నవ్వు అది. నవ్వులు ఆగాక ఆమే మళ్లీ అంది: "నేను పన్నెండేండ్లు బెంగుళూరులో ఇటుకలు మోసినా. లాల్‌బాగు చూళ్లేదు."

స్త్రీలకు ఏ హక్కు లేకుండా పోయిందో నేను చదివిన పుస్తకాలకంటే ఈ మాట నాకు సూటిగా చెప్పింది. అందుకే ఈ వ్యాసం నా సాహసం గురించి కాదు. ఆమె అడిగిన ప్రశ్న గురించి.

మన తెలుగులో ఒక సామెత ఉంది. తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అని. మగవాడు తిరిగితే లోకజ్ఞానం వస్తుంది. ఆడది తిరిగితే "తిరుగుబోతు" అవుతుంది. కానీ ఈ సామెత చెప్పేవాళ్లు ఒక సంగతి దాచిపెడతారు. ఆడవాళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉన్నారు. గోరంట్ల ప్రాంతాన్నే చూడండి. పడమటి కనుమలు వానమబ్బుల్ని అడ్డుకోవడం వల్ల ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు మించని మెట్ట ఇది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడదీసి శ్రీసత్యసాయి జిల్లాలో కలిపినా, చిత్రావతిలో నీళ్లు పెరగలేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇక్కడి ఆడవాళ్లు కూలికోసం బెంగుళూరు పోతారు, కేరళ పోతారు. నీళ్లకోసం, కట్టెలకోసం మైళ్లు నడిచారు. ఇప్పుడు తెల్లవారుజామున బస్సులెక్కి హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలకు పోతున్నారు. ఈ తిరుగుడును ఏ పెద్దమనిషీ ఎప్పుడూ తప్పు పట్టలేదు. చీకట్లో పోయినా పట్టలేదు, పరాయి రాష్ట్రం పోయినా పట్టలేదు.

అంటే పితృస్వామ్యానికి అభ్యంతరం ఆడదాని కదలిక మీద కాదు. ఆ కదలిక ఎవరికోసం అన్నదాని మీద. కుటుంబానికి కూలి తెచ్చే కదలిక మర్యాదైనది. తనకోసం తాను కదిలితే మాత్రం లెక్క చెప్పాలి. ఎవరిని అడిగి పోయావు, ఎవరితో పోయావు, ఏం పని మీద పోయావు?

సామాజికశాస్త్రం చదువుకున్న మనిషిగా ఒక విషయం ఒప్పుకోవాలి. మేం వేసే ప్రశ్నలు కూడా ఈ చట్రంలోనే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను మూడు చోట్ల గురించి అడిగారు. బజారుకు, ఆస్పత్రికి, ఊరి బయటికి ఒంటరిగా వెళ్లడానికి మీకు అనుమతి ఉందా అని. మూడింటికీ ఉందని చెప్పినవాళ్లు నూటికి 42 మందే. ఈ అంకెను మనం వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో చాలాసార్లు వాడుకున్నాం. కానీ ప్రశ్నను గమనించామా? బజారు ఇంటిపనికి, ఆస్పత్రి జబ్బుకు. మీకు చూడాలనిపించిన చోటుకి ఎప్పుడైనా ఒంటరిగా పోయారా అని ఎవరూ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

సైకిలు చరిత్రలో కూడా ఇదే జరిగింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి గట్టి మద్దతు ఇచ్చారు. ఆ ఉద్యమంలో ఆడవాళ్లు గుంపులుగా, పాటలు పాడుకుంటూ, తమ సరదాకోసమే రోడ్డెక్కారు. తర్వాత వచ్చిన ప్రభుత్వ పథకాలు ఆ సరదాను వదిలేసి ప్రయోజనాన్ని మాత్రం తీసుకున్నాయి. బీహారు 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లిచ్చింది. హైస్కూల్లో చేరే బాలికల సంఖ్య దానివల్ల 32 శాతం పెరిగిందని అర్థశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ లెక్కగట్టారు. మన రాష్ట్రంలో 2017లో "బడికొస్తా" పేరుతో సైకిళ్లు పంచారు. ఆ పేరులోనే షరతుంది చూడండి. బడికొస్తానంటే సైకిలు. బడి మానేస్తే?

గోరంట్ల మండలంలో నేను తిరిగిన ఊళ్లలో ఆ సైకిళ్లు ఏమయ్యాయో అడిగాను. పదో తరగతి అయిపోగానే చాలావరకు తమ్ముడి చేతికి పోయాయి. లేదా నాన్న పాల క్యాను కట్టుకుంటున్నాడు. "ఇప్పుడు నీకు దాంతో పనేముంది?" అన్నారట. మళ్లీ పనే.

ఇక నా ప్రయాణం సంగతి. గర్వంగా చెప్పుకోవడానికి కాదు, అందులో నాకు తెలిసొచ్చిన రెండు సంగతులకోసం చెబుతున్నాను. మనాలీ నుంచి లేహ్‌కు పాత రోడ్డు మీద సుమారు 480 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక వాహనాలకు దూరం తగ్గింది గానీ, నేను రోహ్‌తాంగ్ ఎక్కే పోయాను. రోహ్‌తాంగ్, బారాలాచా, నకీ లా, లాచుంగ్ లా, టంగ్లంగ్ లా అని ఐదు కనుమలు. చివరిది 17,480 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో ఇంచుమించు సగం. గేర్ల సైకిలైనా చాలాచోట్ల దిగి నెట్టాల్సిందే. నాకు పదకొండు రోజులు పట్టింది.

నాలుగోరోజు జింగ్‌జింగ్‌బార్ దగ్గర తలనొప్పి మొదలైంది, వాంతి అయింది. ఎత్తుకు పోయినప్పుడు ఇది మామూలే. ఐతే లెక్కచెయ్యకుండా ఇంకా పైకి పోతే ప్రాణంమీదికి వస్తుంది. మందులకంటే ముందు చెయ్యాల్సింది కిందికి దిగడం. కష్టపడి ఎక్కిన దారంతా వెనక్కి దిగి, దార్చాలో ఒకరోజు పడుకున్నాను. అక్కడ నాకు ఒక సంగతి తోచింది. నలభై ఏళ్లు దాటిన నా జీవితంలో, నా శరీరం ఏం చెబుతోందో విని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. ఆగుదామంటే ఆగాను, పోదామంటే పోయాను. డాక్టరేటు ఉన్న ఉద్యోగినికే ఇది ఇంత కొత్తగా ఉంటే, మిగతావాళ్ల సంగతి ఏమిటి?

రెండోది, "ఒంటరి" అనే మాటకు అర్థం. ఆ రోడ్డు పక్కన కంకర కొట్టే కూలీలు కనిపించారు. జార్ఖండ్ నుంచి, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చంటిపిల్లల్ని వీపున కట్టుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లు వేసిన రోడ్డు మీద నేను "ఒంటరిగా" పోయాను. పాంగ్‌లో గుడారం వేసుకుని హోటలు నడిపే లడఖీ ఆవిడ వండిన అన్నం తిని, ఆమె ఇచ్చిన రగ్గు కప్పుకుని పడుకున్నాను. వలసవచ్చిన ఆ కంకర కూలీల్ని చూస్తే మా గోరంట్ల ఆడవాళ్లే గుర్తొచ్చారు.

ఈ మరుపు కొత్తది కాదు. అమెరికా నుంచి వచ్చిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్ 1890ల చివర భర్తతో కలిసి మన దేశమంతా వేల మైళ్లు సైకిలు తొక్కింది. తర్వాత హిమాలయాలెక్కి, 1912లో సియాచిన్ ప్రాంతంలో 21,000 అడుగుల ఎత్తున "స్త్రీలకు ఓటు" అన్న పత్రిక పట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆమె సామాను మోసుకుని ఆ ఎత్తుకు ఎక్కిన కూలీలకు అప్పట్లో ఏ ఓటూ లేదు, ఆ ఫోటోలో చోటూ లేదు. ఒంటరి ప్రయాణం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ రెండోభాగం మరవకూడదు. ఒంటరి అంటే ఎవరి శ్రమా అక్కరలేకుండా అని కాదు. కాపలాదారు లేకుండా అని. నేను అడుగుతున్నది ఆ రెండో అర్థంలో హక్కు.

ఇప్పుడు పత్రికలు ఇట్లాంటి స్త్రీలను బాగానే మెచ్చుకుంటున్నాయి. 2022 జూన్‌లో పుణెకు చెందిన ప్రీతి మస్కే, ఇద్దరు పిల్లల తల్లి, 45 ఏళ్ల వయసులో లేహ్ నుంచి మనాలీకి 430 కిలోమీటర్లు 55 గంటల 13 నిమిషాల్లో సైకిలు తొక్కి రికార్డు సాధించింది. మధ్యప్రదేశ్ అమ్మాయి ఆశా మాలవీయ 2022 నవంబరులో భోపాల్‌లో బయల్దేరి దేశమంతా ఒంటరిగా సైకిలు మీద తిరుగుతూ 2023 ఫిబ్రవరిలో మన రాష్ట్రానికి వస్తే ముఖ్యమంత్రి పది లక్షల రూపాయలు బహుమతి ప్రకటించారు. సంతోషమే. ఐతే ఈ మెప్పులో ఒక మెలిక ఉంది. ఒక ఆడపిల్ల క్షేమంగా తిరిగొస్తే అది దేశం భద్రంగా ఉందనడానికి సర్టిఫికెట్ అవుతుంది. ఇంకో ఆడపిల్ల మీద దారిలో దాడి జరిగితే మాత్రం అది ఆమె బయటికి రావడంవల్ల జరిగిన తప్పు. క్షేమం ఘనత ప్రభుత్వానిది, ప్రమాదం బాధ్యత ఆడదానిది.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనందరికీ తెలుసు. ఆ వెంటనే తెలంగాణ ముఖ్యమంత్రి చెప్పిన మాటల్లో ఒకటి, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వెయ్యొద్దని. నేరం చేసింది మగవాళ్లు. రాత్రి పోగొట్టుకున్నది ఆడవాళ్లు. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల ప్రకారం అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు, యజమానులు. అంటే రోడ్డు నుంచి ఇంట్లోకి తరిమితే భద్రత వస్తుందన్న వాదన లెక్కల్లో కూడా నిలబడదు.

ఉచిత బస్సు సంగతి చూడండి. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో ఆ ఏడాది డిసెంబరులో, మన దగ్గర 2025 ఆగస్టు 15న "స్త్రీ శక్తి" పేరుతో మొదలైంది. దాని ఖర్చు మీద చర్చ జరగాల్సిందే. కానీ టీ అంగళ్ల దగ్గర వినపడేది ఖర్చు గురించి కాదు. "పనీపాటా లేకుండా బస్సులెక్కి తిరుగుతాండారు" అని. దానికి మనం ఏం జవాబిచ్చాం? "లేదు లేదు, కూలికి పోతున్నారు, చదువుకు పోతున్నారు, ఆస్పత్రికి పోతున్నారు" అని. నిజమే, చాలామంది అందుకే పోతున్నారు. కానీ ఆ జవాబుతో మనం ఎదుటివాడి షరతును ఒప్పేసుకున్నాం. ఊరికే లేపాక్షి చూడ్డానికి పోయిన ఆవిడను మనమే దోషిని చేశాం. "అవును, తిరగడానికే పోతున్నారు. ఐతే ఏం?" అని మనలో ఎవరమైనా అన్నామా?

రాజ్యాంగం 19(1)(డి) అధికరణం ఈ దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా సంచరించే హక్కు పౌరులందరికీ ఇచ్చింది. ప్రజాహితంకోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చంది గానీ, "పని ఉంటే" అన్న మాట అందులో ఎక్కడా లేదు. ముంబయి స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో "వై లాయిటర్?" అనే పుస్తకం రాశారు. ఏ పనీ లేకుండా వీధిలో నిలబడే హక్కు కావాలని వాళ్ల వాదన. అది నగరం సంగతి. మెట్టప్రాంతపు పల్లెలో ఆ వాదన ఎట్లా ఉంటుందో ఆలోచించాల్సింది మనం.

ఇంతదాకా వేలు ఎదుటివాళ్లవైపు చూపించాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను.

లేహ్ నుంచి వచ్చిన మూడువారాలకు గోరంట్ల దగ్గర పల్లెలో సంఘం ఆఫీసులో సైకిలు పెట్టుకుని ఉన్నాను. ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్ల ఒకతె వచ్చి అడిగింది.

"అక్కా, మీ గేర్ల సైకిలు ఒక పూట ఇస్తారా? గుట్ట కాడికి పోయొస్తా."

"గుడికా?"

"గుడికి కాదక్కా. ఊరికే. పైనుంచి మన ఊరు ఎట్లుంటాదో చూడాలని."

నేను ఏమన్నానో తెలుసా? "ఎవరితో పోతావు? అమ్మకు చెప్పినావా? ఇంకో పిల్లను తోడు తీసుకొని పో, చీకటి పడేలోగా వచ్చెయ్యాల" అన్నాను. ఆ పిల్ల నా మొహం ఒకసారి చూసి, "వద్దులే అక్కా" అని వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

రెండ్రోజుల ముందు అదే ఈడు పిల్లవాడొకడు అదే సైకిలు చిత్రావతి దాకా తీసుకుపోయాడు. వాడితో నేనన్నది "టైర్లు జాగ్రత్తరా" అని మాత్రమే.

నా భయానికి కారణాలు లేకపోలేదు. ఆ పిల్ల మైనరు. ఏదన్నా జరిగితే ఊరు ముందు సంఘాన్ని తప్పు పడుతుంది, రేపటినుంచి మీటింగులకు ఆడవాళ్లను పంపరు. క్షేత్రంలో పనిచేసే ప్రతి కార్యకర్తకూ తెలిసిన భయమిది. దీన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఆ భయానికి విరుగుడుగా మనం ఏం చేశాం? ఊరి కాపలాను మన చేతుల్లోకి తీసుకున్నాం. మన శిక్షణా కేంద్రాల్లో, హాస్టళ్లలో గేటు దగ్గరుండే పుస్తకం తెరిచి చూడండి. "వెళ్లు పని" అని ఒక గడి, "తోడు ఎవరు" అని ఒక గడి. పెళ్లయి పిల్లలున్న కార్యకర్త కూడా అవి నింపాలి. ఆ గడులు గీసింది ఏ మగవాడూ కాదు. మనమే.

"తిండికి లేనివాళ్ల మధ్య పనిచేస్తూ కొండలెక్కే ముచ్చట ఏమిటి?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నా సైకిలు ఖరీదు పెట్టే శక్తి నాకుంది, సెలవు దొరికింది, ఇల్లు చూసుకునే మనిషి దొరికింది. ఇది అందరికీ లేదు. లడఖ్ పోవడం హక్కని నేను అనడంలేదు. కానీ పేదస్త్రీకి ముందు కూడు, తర్వాత గూడు, సంతోషం అన్నిటికీ చివర అని వరుస పెట్టింది ఎవరు? పన్నెండేళ్లు బెంగుళూరులో ఉన్న మనిషికి లాల్‌బాగు చూడ్డానికి కావలసింది డబ్బు కాదు. ఒక్క ఆదివారం, అడగకుండా పోయే చనువు. కూలి పెంచమని పోరాడినట్టే ఆ ఆదివారంకోసం పోరాడకపోతే, మనం ఆమెను కూలిమనిషిగా మాత్రమే చూస్తున్నట్టు లెక్క.

కాబట్టి నేను కొన్ని ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను. ప్రభుత్వం ఇచ్చే సైకిలు ఆ పిల్ల పేరున ఉండాలి, చదువు ఆగినా ఆమెదే కావాలి. తొక్కడంతోపాటు పంక్చరు వెయ్యడం, చైను ఎక్కించడం కూడా మన సంఘాల్లో నేర్పాలి. చీకటిపడ్డాక మండలకేంద్రం నుంచి పల్లెలకు బస్సు, బస్టాండులో తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి, రోడ్డు మీద దీపాలు కావాలని అడగాలి. బహిష్టు రోజుల్లో ప్రయాణం చేసిన ఎవరికైనా ఇది విలాసం కాదని తెలుసు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు చెయ్యవచ్చని 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను చెబుతోంది. "ఆ వేళప్పుడు అక్కడ నీకేం పని?" అన్న మాట లేకుండా ఫిర్యాదు రాసుకునేలా చూడడం మన బాధ్యత. మనం చేసే సర్వేల్లో ఒక ప్రశ్న చేర్చాలి: మీకోసం మీరు, ఒంటరిగా, ఎప్పుడు ఎక్కడికి పోయారు? ఇక మన గేటు పుస్తకాల్లో పెద్దవాళ్లకు ఆ రెండు గడులూ కొట్టెయ్యాలి. వచ్చే సమయం, ఫోన్ నంబరు ఉంటే చాలు.

చివరిది మొదట నేనే చెయ్యాలి కాబట్టి మా ఆఫీసులో చేశాను. ఆ పిల్ల ఇంటికి పోయి వాళ్లమ్మతో మాట్లాడాను. తోడు పంపమని కాదు, పంపమని. ఆమె ఔననలేదు, కాదనలేదు. "చూద్దాంలే మేడమ్" అంది. సైకిలు ఆఫీసులోనే పెట్టి, తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లకు చెప్పాను. ఇంకా రాలేదు. చక్రాలకు గాలి కొట్టించి ఉంచాను. వచ్చిన రోజు ఏం పని మీద అని మాత్రం అడగకూడదని ఆఫీసులో అందరం అనుకున్నాం.